నడిమి వైరు

అదిగో మళ్ళీ అదే, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే అడగడం అడిగావు తల్లీ, అవతలినుంచి జవాబు రాలేదు, ఇక నీ ఇష్టం అని, ఎంత మర్యాదగా చెబుతోందో ఈ కంప్యూటరు, మనిషైతే మొహం తిప్పుకుని పోయేది, ఇది మాత్రం ఆ ఒక్క ముక్కనే వరస కింద వరసగా పేర్చుకుంటూ పోతోంది, ఆపరేటరమ్మ కీబోర్డు మీంచి వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది, వేళ్ళేమో చల్లగా ఉన్నాయి, అరచేతులేమో చెమట, ఒక్క ఒంట్లో రెండు కాలాలు, ఆసుపత్రి మేడమీద పాత ఎక్స్‌రే గదిని పరీక్ష గది చేశారు, ఎముకల ఫిల్ములు పెట్టి చూసే తెల్ల దీపాల పెట్టె ఇంకా గోడకి వేలాడుతూనే ఉంది, దాని కింద రెండు బల్లలు ఎదురెదురుగా ఆనించి, ఈ బల్లమీద ఒక కంప్యూటరు ఒక రౌటరు, ఆ బల్లమీద ఒక కంప్యూటరు ఒక రౌటరు, రెండు రౌటర్లనీ కలుపుతూ నడుమ ఒక పచ్చ వైరు, ఈ కంప్యూటరు పిలిస్తే అది పలకాలి, అది పిలిస్తే ఇది పలకాలి, పరీక్షంతా అంతే, పలికితే ఇద్దరికీ ఉద్యోగం, పలక్కపోతే ఇద్దరూ ఇంటికి, వచ్చే నెలనుంచి స్విచ్‌బోర్డు తీసేస్తున్నారు, ఫోన్లన్నీ నెట్‌వర్కు మీదకి పోతాయి, ఈ పని నేర్చుకున్న ఆపరేటర్లనే ఉంచుకుంటామని సూపర్‌వైజర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఇక ఆ బల్ల దగ్గర కంప్యూటరు తెర చాటున కూర్చున్నదెవరయ్యా అంటే వదిన, స్విచ్‌బోర్డులో పక్క కుర్చీ ఆవిడది, చుట్టరికం వీసమెత్తు లేదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో వీళ్ళిద్దర్నీ చూసి వదినామరదళ్ళలా ఉన్నారే అన్నారు, మరదలు ఎవరన్నది తేలక ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకోవడం మొదలుపెట్టారు, ఆ పిలుపుతోనే జుట్టు నెరిసింది ఇద్దరికీ, ఇప్పుడు ఆ వదినతో మాటల్లేవు.

నా వైపు అంతా సరిగ్గానే ఉంది, ఈ మాట ఆమె ఎన్నిసార్లు అనుకుందో, మళ్ళీ అనుకుంది, కంప్యూటరుకి అడ్రసు ఇచ్చాను, కంప్యూటరు తగిలించిన వైపు రౌటరుకి ఒక అడ్రసు, నడిమి వైరు తగిలించిన వైపు ఇంకో అడ్రసు, రెండు తలుపులూ తెరిచాను, మొదట్లో రౌటరు తలుపులన్నీ మూసే ఉంటాయి, నో షట్‌డౌన్ అంటేగాని తెరుచుకోవు, అదేం వరసో, తెరుచుకో అనకూడదట, మూసుకోకు అనాలట, మొదటి రోజు క్లాసులో వదిన ఆ మాట వినగానే, అచ్చం మా అత్తగారే వదినా, వద్దు అంటేనే చేస్తుంది, అని గుసగుసలాడితే తను పకపకా నవ్వింది, బోర్డుమీద రాస్తున్న మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు, మాస్టారంటే వీళ్ళకన్నా బాగా చిన్నవాడు, అమ్మా అమ్మా అంటూనే వాతలు పెడతాడు, రౌటరంటే ఏదో అనుకోకండమ్మా, మీరు రోజూ చేసే పనే అది, ఎవరు కావాలండీ అని అడిగి లైను కలుపుతారే, అలాంటిదే, ఊళ్ళో ప్రతి ఇల్లూ దానికి తెలియక్కర్లేదు, ఫలానా వీధికి వెళ్ళాల్సిన మూట వస్తే ఎవరి చేతికి అందించాలో తెలిస్తే చాలు, ఆ చెయ్యి ఎవరిదో మనం రాసిపెట్టాలి, రాయకపోతే మూటని అవతల పారేస్తుంది, మొహమాటం లేదు దానికి, ఆ సంగతి ఆమె ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది, ఆయన బస్సు కండక్టరు, నడుము పట్టేసి చెక్కబల్లమీద వెల్లకిలా పడుకుని సీలింగు కేసి చూస్తూ విన్నాడు, నెలలు గడుస్తున్నాయి ఆయన అలా పడుకుని, జీతం లేని సెలవు, ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఈమె స్విచ్‌బోర్డు చలవే, అంతా విని ఆయన, బాగానే ఉందిగాని వెళ్ళిన బస్సు తిరిగి రావాలి కదే, అవతలి డిపో వాడికి మన డిపోకి దారి తెలియకపోతే బస్సు అక్కడే ఉండిపోతుంది, అన్నాడు, ఆమె విసుక్కుంది, పంపడం వరకే నా పని, తిరిగి పంపడం వాళ్ళ పని, మీరు కాసేపు బస్సులు పక్కన పెట్టి మందు మింగండి, అంది, ఆయన మందు మింగాడు.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, ఆగకుండా అడుగుతూనే ఉండమని దానికి చెప్పి వదిలింది, అది నిజంగానే ఆగకుండా అడుగుతోంది, సిగ్గూ ఎగ్గూ లేకుండా, అవతలి తెర వెనకనుంచి వదిన గాజుల చప్పుడు వినిపిస్తోంది, ఆవిడ కూడా ఏదో కొడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది, ఆవిడ తప్పే, ఇంకెవరిది, నా వైపు అంతా సరిగ్గానే ఉంది కదా, క్లాసులో చేసినప్పుడు కూడా దారి రాయడం మరిచిపోయింది ఆవిడే, అబ్బ, ఎంతమాట అంది, ఎవరితోనూ అనకూడని మాట, ఆవిడకి కొత్తవి అంత త్వరగా ఎక్కవు సార్, అంది, సూపర్‌వైజర్‌తో, ఫోన్లో, తన గురించే, ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదేమో, స్విచ్‌బోర్డులో మొట్టమొదట నేర్పేది అదే, లైను కలపగానే తప్పుకో, అవతల గొంతు హలో అనేలోపు నీ చెవి అక్కడ ఉండకూడదు, ఎవరి కన్నీళ్ళు వాళ్ళవి, ఎవరి బేరాలు వాళ్ళవి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ నీతి బోధించింది ఈ ఆపరేటరమ్మే, అలాంటిది ఆ రోజు వదిన రెండో అంతస్తునుంచి, సూపర్‌వైజర్‌గారికి కలుపు వదినా, అని అడిగితే కలిపి, తప్పుకోవలసిన చోట తప్పుకోలేదు, ఎందుకు తప్పుకోలేదో ఇప్పటికీ తెలియదు, ఉద్యోగాలు పోతాయన్న వార్త అప్పుడే వచ్చింది, అందరి చెవులూ నిక్కపొడుచుకుని ఉన్నాయి, వదిన తన పేరు చెప్పడం వినిపించింది, ఆ వాక్యం వినిపించింది, ఇక వినలేక లైను వదిలేసింది, హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టేసింది, నిప్పు తొక్కిన కోతిలా ఎగరాలని ఉంది, కాని ఎగరడానికి లేదు, ఎందుకలా అన్నావు వదినా అని అడగాలంటే నువ్వెలా విన్నావే అంటుంది, దొంగకి తేలు కుట్టినట్టయింది తన పని.

అందుకని అడగలేదు, అడగకుండా చేయగలిగినవన్నీ చేసింది, పలకరిస్తే ఊఁ అంది, టీ తెస్తే తాగేశానంది, మధ్యాహ్నం ఇద్దరూ స్విచ్‌బోర్డు గది వెనక మెట్లమీద కూర్చుని బాక్సులు విప్పుకునేవారు, ఆ మెట్ల దగ్గరికి వెళ్ళడం మానేసి దుప్పట్లు పెట్టే గదిలో బట్టల మూటల మధ్య నిలబడి తినడం అలవాటు చేసుకుంది, అక్కడ సబ్బు వాసన, ఏది తిన్నా సబ్బు రుచే, ఒకరోజు చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ కిటికీలోంచి చూసింది, వదిన మెట్లమీద ఒక్కతే కూర్చుని ఉంది, బాక్సు ఒళ్ళో పెట్టుకుని, మూత తీయలేదు, అటూ ఇటూ చూస్తోంది, చూడనీ, అనుకుంది ఆపరేటరమ్మ, తప్పు చేసినవాళ్ళు వచ్చి అడగాలి, నేనా వెళ్ళేది, రాదే, వచ్చి ఒక్క మాట అడగదే, ఇన్నేళ్ళ స్నేహానికి ఒక్క మాట విలువ లేదా, ఎదురుచూసినకొద్దీ గుండెలో రాయి బరువెక్కింది, తెరమీద కూడా అంతే, అడిగినకొద్దీ వరసలు పెరుగుతున్నాయి, మాస్టారు గోడ గడియారం కేసి చూసి, బయట మిగతా జంటలు వెయిట్ చేస్తున్నారమ్మా, కొంచెం చూసుకోండి, అన్నాడు, గొంతులో జాలి ఉంది, ఆ జాలి వినగానే ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది, జాలి మొదలైందంటే పని అయిపోయినట్టే, ఆసుపత్రిలో ఇన్నేళ్ళు చూడలేదూ, డాక్టర్లు కేకలేసినంతసేపూ భయం లేదు, మెత్తగా మాట్లాడటం మొదలుపెడితేనే.

సరే, ఏడుపు తర్వాత, ముందు ఆలోచించు, మాస్టారు ఏం చెప్పాడు, ఇంటినుంచి బయలుదేరి ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి అడగండి, ఎక్కడ దాకా పలుకుతోందో అక్కడ దాకా బాగుంది, పలకని చోట పట్టుకోండి, ఆమె కంప్యూటరునుంచి తన రౌటరుని పిలిచింది, పలికింది, ఇంతవరకు బాగానే ఉంది, ఈసారి తన రౌటరులోకి వెళ్ళి అక్కణ్ణించి వదిన రౌటరుని పిలిచింది, పలికింది, అంటే పచ్చ వైరు బతికే ఉంది, అక్కణ్ణించే వదిన కంప్యూటరుని పిలిచింది, పలికింది, పలికిందా, అవును పలికింది, జవాబు అందినప్పుడల్లా రౌటరు వేసే ఆశ్చర్యార్థకాలు తెరమీద ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి, మరి నా కంప్యూటరునుంచి పిలిస్తే ఎందుకు పలకదు, ఇదేం చోద్యం, వెళ్ళి పిలిచింది, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, రౌటరు అడిగితే పలుకుతుందట, నేను అడిగితే పలకదట, రౌటరుకి ఉన్నదేమిటి, నాకు లేనిదేమిటి, దూరం ఒక్కటే, దారి ఒక్కటే, నా మూట కూడా ఈ రౌటరు చేతిమీదుగానే వెళ్తోంది కదా, వెళ్తోంది, అంటే చేరుతోంది, చేరి ఉండాలి, చేరుతోంది మరి, చేరాక.

వెళ్ళిన బస్సు తిరిగి రావాలి కదే, చెక్కబల్లమీద పడుకున్న మనిషి గొంతు ఎక్స్‌రే గదిలో వినిపించినట్టయింది, అవతలి డిపో వాడికి మన డిపోకి దారి తెలియకపోతే, రౌటరు అడిగినప్పుడు అది నడిమి వైరుమీద నిలబడి అడుగుతోంది, ఆ వైరు వదిన గుమ్మంలోనే ఉంది, చెయ్యి చాచి జవాబు ఇచ్చేస్తుంది, నేను అడిగినప్పుడు నా ఇంటి అడ్రసుతో వెళ్తోంది, నా ఇంటికి ఎవరి చేతిమీదుగా పంపాలో వదిన రౌటరుకి తెలియాలి, తెలియడం లేదు, జవాబు బయలుదేరుతోంది, నడిమి వైరు దగ్గరికి వచ్చి పోతోంది, అబ్బ దొరికింది, తప్పు అవతలి వైపే, దారి రాయలేదు, మళ్ళీ మరిచిపోయింది, కొత్తవి ఎవరికి ఎక్కవో ఇప్పుడు చెప్పమనండి ఆ సూపర్‌వైజర్‌ని, ఆమె గుండెలో ఏదో వెచ్చగా పొంగింది, చాలా రోజుల తర్వాత దొరికిన న్యాయం అది, లేచి మాస్టారికి చెప్పేద్దామా అనుకుంది, నా వైపు అంతా సరిగ్గానే ఉందండీ, తప్పు ఆ బల్లదే, అని, నోరు తెరిచింది కూడా, కాని అవతలినుంచి వదిన తనలో తాను గొణుక్కోవడం వినిపించింది, దారి రాశానే, రాసింది కనపడుతూనే ఉందే, అది లేదంటుందేమిటి, చేతిలో పెట్టబోతే ఆ మనిషే లేడంటుందేమిటి.

ఆ మనిషే లేడు, వెచ్చగా పొంగినది అక్కడే ఆగిపోయింది, చెయ్యి ఎవరిదని రాసి ఉంటుంది వదిన, నడిమి వైరుమీద ఈ వైపు చెయ్యి, ఆ వైరు అడ్రసుల్లో చివరి అంకె క్లాసులో ఎప్పుడు చేసినా తను ఒకటి, వదిన రెండు, అలవాటైపోయింది, నువ్వే నంబర్ వన్ వదినా, నాకు రెండు చాలు, అని నవ్వేది వదిన, ఇవాళ పొద్దున్న మాస్టారు పరీక్ష మొదలుపెడుతూ, నడిమి వైరు నంబర్లు మాత్రం మీ ఇష్టం, ఏం పెట్టుకున్నారో ఒకరికొకరు చెప్పుకోండి, ఆ ఒక్క విషయానికి మాట్లాడుకోవచ్చు, అన్నాడు, వదిన తెర పక్కనుంచి తల వంచి చూసింది, తను చూపు తిప్పుకుంది, ఒకటి వేయబోతే నంబర్ వన్ వదినా అన్న గొంతు చెవిలో గింగురుమంది, కొత్తవి ఎక్కని దాన్ని నంబర్ వన్ అనడం వెక్కిరింతే కదా అనిపించింది, అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు ఒకటి చెరిపేసి ఐదు వేసింది, ఐదే ఎందుకో, వేలికి అది తగిలింది, వేసి ముందుకి వెళ్ళిపోయింది, ఆ తర్వాత మొదటినుంచీ ఐదే తన నంబరన్నట్టు దానికి అలవాటుపడిపోయింది, నా వైపు అంతా సరిగ్గానే ఉంది, నిజమే, ఈ వైపు అంతా సరిగ్గానే ఉంది, వదిన పాపం మూటని తెచ్చి ఒకటో నంబరు గుమ్మంలో నిలబడి పిలుస్తోంది, ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఇంకా మార్గం ఉంది, నోరు విప్పకుండానే, ఐదు తీసేసి ఒకటి పెట్టేస్తే చాలు, చప్పున పలుకుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, మాస్టారు తల ఊపుతాడు, వదిన అదృష్టం అనుకుంటుంది, ఆమె వేళ్ళు కీబోర్డుమీదకి వెళ్ళాయి, వెళ్ళి ఆగాయి, వదిన ఒకటే రాసిందని ఎవరు చెప్పారు, అటూ ఇటూ మార్చి చూస్తూ ఇంకేదైనా రాసేసి ఉంటే, గడియారం ముల్లు కదులుతూనే ఉంది, మాస్టారు లేచి నిలబడ్డాడు, పెన్ను మూత తీశాడు, అడగాలి, అడగడానికి ఒక్క మాట, ఎన్ని వేల గొంతులకి దారి చూపించిన గొంతు, ప్రసవాల వార్డు కావాలా, బ్లడ్ బ్యాంకు కావాలా, ఉండండి కలుపుతున్నాను, నిద్రమత్తులో కూడా తడబడని గొంతు, బల్ల అవతల మనిషిని పిలవడానికి పెగలడం లేదు, ఇంటి దగ్గర చెక్కబల్ల, పైకప్పు, ఆ మనిషి కళ్ళు, పద, పిలు, వదినా.

వదినా, అంది పైకి, తన గొంతే తనకి కొత్తగా వినిపించింది, గాజుల చప్పుడు ఆగిపోయింది, తెర పక్కనుంచి వదిన తల బయటికి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడిమి వైరుమీద నాకు ఎంత వేశావు వదినా, ఒకటే, ఎప్పుడూ నువ్వు ఒకటే కదా, అంది వదిన, కాదు, ఇవాళ నేను ఐదు వేశాను, చెప్పలేదు, అంది ఆపరేటరమ్మ, ఇప్పుడడుగుతుంది ఎందుకని, ఏం చెప్పాలి, వదిన అడగలేదు, ఐదా, అంది, అంతే, తల లోపలికి వెళ్ళిపోయింది, గాజులు మళ్ళీ మోగాయి, పాతది తీసెయ్యాలి ముందు, ముందు నో అని పెట్టి, అని వదిన తనలో తాను చెప్పుకుంటోంది, అవును, ముందు పాతది తీసెయ్యి, అంది ఈవిడ ఇటునుంచి, తీశా, ఇప్పుడు కొత్తది, నా ఇంటి అడ్రసు చూసుకుని రాయి, చూశా, ఐదు, ఐదు, కొట్టు, మాస్టారు వీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, తెరమీద రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, కింద ఇంకోటి, అయిపోయింది, ఇంకేదో తప్పు ఉంది, చేతులు కాలిపోయాయి, ఇక ఏ ఆకులు పట్టుకోవాలి, తెర ఒక్క క్షణం నిలిచినట్టయింది, రిప్లై ఫ్రమ్, అని వచ్చింది, రిప్లై ఫ్రమ్, రిప్లై ఫ్రమ్, వరస కింద వరస, ఇందాకటి మర్యాదతోనే, అవతలినుంచి వదిన చిన్నపిల్లలా, పలికింది వదినా నీది నాకు పలికింది, అని అరిచింది, ఆపరేటరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

మాస్టారు రెండు తెరలూ చూసి టిక్కు పెట్టాడు, పెట్టి, ఐదెందుకు వేశారమ్మా, మీ జంట ఎప్పుడూ ఒకటీ రెండే కదా, అన్నాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు పాపం, ఆమె జవాబు చెప్పేలోపే, నేనే వెయ్యమన్నానండీ, మధ్యలో మరిచిపోయాను, నాకు ఎక్కినవి నిలవవు కదా, అని వదిన అందుకుంది, మాస్టారు నవ్వి తర్వాతి జంటని పిలవడానికి వెళ్ళాడు, వదిన బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్కన నిలబడింది, చెయ్యి వేయాలా వద్దా అన్నట్టు గాలిలో ఆపి, చివరికి కుర్చీ వీపుమీద వేసింది, ఏం కోపమో నీకు, నేను అడగను, చెప్పాలనిపిస్తే నువ్వే చెబుతావు, కాని వేరేవాళ్ళతో జత వేసేసి ఉంటే ఇవాళ ఏమైపోదుమే మనం, నేను ఆ రోజే సూపర్‌వైజర్‌గారికి ఫోన్ చేసి మరీ చెప్పా, ఆవిడకి కొత్తవి అంత త్వరగా ఎక్కవు సార్, కాని ఎక్కాయంటే చచ్చినా వదలదు, నాకేమో చప్పున ఎక్కుతాయి, సాయంత్రానికి ఉండవు, మా ఇద్దర్నీ ఒకే బల్లకి వెయ్యండి, విడివిడిగా ఎందుకూ పనికిరాము, అని, ఆయన నవ్వి సరే అన్నాడు, ఆ మాట చెబుదామనే రోజూ మెట్ల దగ్గర కూర్చున్నా, నువ్వు రావే.

మెట్ల దగ్గర, ఒళ్ళో బాక్సు, తీయని మూత, అటూ ఇటూ చూపులు, ఆపరేటరమ్మ తెరకేసి చూస్తోంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, తను లైను వదిలేసిన క్షణానికి అవతల వాక్యం ఇంకా నడుస్తూనే ఉంది, కాని అన్న మాట దగ్గర ఉంది, విన్నంతవరకే విని వదిలేసి, ఆ ముక్కని ఇన్నాళ్ళు సబ్బు వాసనలో నిలబడి నమిలింది, ఎందుకన్నావని మనసులో అడుగుతూనే ఉంది, ఆగకుండా, సిగ్గూ ఎగ్గూ లేకుండా, వచ్చి చెప్పదే, చెప్పదే, అని, ఎక్కడికి వచ్చి చెబుతుంది, కూర్చునే చోటు మార్చింది తను, మార్చినట్టు చెప్పనిది తను, జవాబు రాకపోవడమేమిటి, వచ్చింది, ప్రతి మధ్యాహ్నం బాక్సు పట్టుకుని ఆ మెట్ల దాకా వచ్చింది, అక్కడ తను లేదు.